ఏ కాపీ లీకైందో తేల్చడం: రికార్డు చేసిన వీడియోలకు విడివిడి గుర్తులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గంటన్నర చొప్పున పన్నెండు పాఠాలు రికార్డు చేసి 300 మందికి డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. వాటిలో ఒక పాఠం ఇప్పుడు బయటి గ్రూపుల్లో తిరుగుతోంది. ఇకమీదట ప్రతి కాపీలో కంటికి కనిపించని గుర్తు పెడితే, లీకైనప్పుడు అది ఎవరి కాపీయో తెలుస్తుందా? దానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మాట చివర్లో చూద్దాం. నేను చాలా ఏళ్లు పోస్ట్ ప్రొడక్షన్‌లో, ముఖ్యంగా కాపీలు తయారుచేసి పంపే దగ్గర పనిచేశాను. అందుకే ముందుగా ఒకటి చెప్పాలి. గుర్తు చెప్పేది కాపీ నంబరు ఒక్కటే, మనిషి పేరు కాదు. నంబరు నుంచి పేరు దాకా వెళ్లే దారంతా మీరు రాసుకునే రిజిస్టర్‌లో ఉంటుంది. గుర్తు పెట్టడం కష్టమని అందరూ టెన్షన్ పడతారు గానీ, నేను చూసినంతలో పని చెడింది ఎప్పుడూ రిజిస్టర్ దగ్గరే.

ఒకసారి ప్రివ్యూ కోసం 40 డీవీడీలు బర్న్ చేశాం. ఒక్కో దాంట్లో ఒక్కో గుర్తు. మూడు వారాలకు ఒక కాపీ బయటికొచ్చింది. గుర్తు చదివితే 23 అని వచ్చింది. రిజిస్టర్‌లో 23కి ఎదురుగా ఒక పెద్దాయన పేరుంది. ఆఫీసులో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి, ‘ఆయనే అనుకున్నాం’ అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆయనకు ఫోన్ చేయబోతుంటే మా సీనియర్ ఆపి, "ముందు ఆయన దగ్గరున్న డిస్కు తెప్పించండి, లోపలేముందో చూశాక మాట్లాడదాం" అన్నారు. తెప్పించి చూశాం. పైన స్టిక్కర్ మీద 23, లోపలి గుర్తు 32. రాత్రి ఒకరు బర్న్ చేసి డిస్కులు దొంతరగా పేర్చి వెళ్లారు, పొద్దున ఇంకొకరు వచ్చి స్టిక్కర్లు అంటించారు. మధ్యలో రెండు డిస్కులు తారుమారయ్యాయి. 32 స్టిక్కర్ ఉన్న డిస్కు అందుకున్నవాళ్లని అడిగితే, అది ఎప్పుడో పోయిందన్నారు. ఆ తర్వాతి కథ వేరు. ఆ ఫోన్ చేసి ఉంటే మాత్రం ఏ తప్పూ చేయని మనిషిని దొంగని చేసేవాళ్లం.

అప్పటి నుంచి నాదొకటే పద్ధతి. రిజిస్టర్‌లో ‘పెట్టాలనుకున్న’ నంబరు రాయను. తయారైన కాపీని మళ్లీ తెరిచి, గుర్తు చదివి, ‘కనిపించిన’ నంబరు రాస్తాను. అది రాశాకే కాపీ గుమ్మం దాటుతుంది. మీరు డౌన్‌లోడ్‌గా ఇస్తున్నారు కాబట్టి స్టిక్కర్ల గొడవ లేదు, కానీ రెండు లింకులు తారుమారు కావడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో చిక్కు పదాలతో వస్తుంది. ‘ఫింగర్‌ప్రింటింగ్’ అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. వీడియో సైట్లు, అప్‌లోడ్ అయిన పాటనో సినిమానో ‘ఇది ఫలానాది’ అని గుర్తుపట్టేది ఒకటి. అందులో కాపీకి ఏమీ కలపరు, ఉన్న బొమ్మనీ శబ్దాన్నీ పోల్చి చూస్తారంతే. మీకు కావలసింది రెండోది, అంటే ఒకే పాఠం 300 కాపీల్లో ఏది ఏదో తెలిసేలా ప్రతిదాన్లో కొంచెం తేడా పెట్టడం. దీన్ని ఫోరెన్సిక్ వాటర్‌మార్క్ అంటారు. వెతికేటప్పుడు ఈ మాటతో వెతకండి, లేకపోతే మీకు పనికిరాని సమాచారం కుప్పలుగా వస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1954లోనే దుకాణాలకూ ఆఫీసులకూ నేపథ్య సంగీతం అందించే మ్యూజాక్ కంపెనీ తరఫున ఎమిల్ హెంబ్రూక్ అనే ఆయన పాటలో గుర్తింపు కోడ్ దాచే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. పాటలో 1,000 హెర్ట్జ్ దగ్గర సన్నని చీలికంత శబ్దాన్ని తీసేయడం, మళ్లీ వదలడం. తీసేసిన సమయం కొద్దిసేపా, ఎక్కువసేపా అన్నదే మోర్స్ కోడ్‌లో చుక్క, గీత. వినేవాడికి పాటే వినిపిస్తుంది, యంత్రానికి కోడ్ వినిపిస్తుంది. ఫిల్మ్ రోజుల్లో 1982లో కోడాక్ తెచ్చిన క్యాప్ కోడ్ ఉండేది. ప్రింటులో అక్కడక్కడా కొన్ని ఫ్రేముల మీద చిన్న చుక్కలు, ఒక్కో ప్రింటుకి ఒక్కో అమరిక. థియేటర్‌లో కెమెరాతో దొంగతనంగా తీసిన వీడియోలో ఆ చుక్కలు దొరికితే అది ఏ ప్రింటు నుంచి తీశారో తెలిసేది.

డిజిటల్ సినిమా వచ్చాక ప్రింటు ప్రింటుకీ చుక్కలు వేసే వీలు పోయింది. ఒకే ఫైలు అన్ని థియేటర్లకూ వెళ్తుంది కదా. అందుకని గుర్తు వేసే పనిని ఆట నడిచే సమయానికి మార్చారు. థియేటర్‌లోని సర్వరే, బొమ్మ తెర మీదికి వెళ్లేటప్పుడు గుర్తు కలుపుతుంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో తెచ్చిన డీసీఐ ప్రమాణంలో దీని లెక్క ఉంది. గుర్తు 35 బిట్లు (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి), ప్రతి ఐదు నిమిషాల నిడివిలో మొత్తం 35 ఉండాలి. అందులో 16 బిట్లు సమయానికి. పావుగంటకొకటి చొప్పున రోజుకు 96, ఏడాదికి 366 రోజులనుకుంటే 35,136 ముద్రలు కావాలి, 16 బిట్లలో 65,536 పడతాయి. మిగతా 19 బిట్లు చోటు చెప్పడానికి, అంటే 5,24,288 నంబర్లు. ఈ అమరిక నాకు భలే నచ్చుతుంది. ఎంత చెప్పగలదో అంతే చెబుతుంది: ఏ తెర, ఏ పావుగంట. ఏ సీట్లో కూర్చున్నవాడు ఫోన్ పైకెత్తాడో చెప్పనంటుంది. మీ గుర్తు నుంచి కూడా ఇంతకు మించి ఆశించకండి.

అసలు విషయానికొద్దాం. గుర్తు ఎలా పెట్టాలని ఆలోచించే ముందు, దొంగ కాపీ ఏయే దారుల్లో వస్తుందో చూడండి. ఫైలును ఉన్నదున్నట్టు పంపేవాడు ఒకడు. మెసేజింగ్ యాప్‌లో పెడితే యాప్ దాన్ని కుదించి వేరే ఫైలుగా మార్చేస్తుంది. స్క్రీన్ రికార్డింగ్ చేసేవాడు మరొకడు. కంప్యూటర్ ముందు ఫోన్ పెట్టి తీసేవాడూ ఉంటాడు, బొమ్మ వంకరగా, రంగులు వెలిసి వస్తుంది. ఇంకొకడు మూడు నిమిషాల ముక్క మాత్రమే కోసి పెడతాడు. వీటన్నిట్లో బతికేదే గుర్తు.

ఈ పరీక్షలో చాలా చిట్కాలు మొదటి మెట్టు మీదే పడిపోతాయి. ఫైలు పేరు, ఫైలు లోపలి వివరాల్లో కొన్నవారి పేరు రాయడం, ఫైలు హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే చిన్న కోడ్, ఫైల్లో ఏ కొంచెం మారినా ఇదీ మారిపోతుంది) దాచుకోవడం, ఇవన్నీ ఒక్కసారి కుదిస్తే పోతాయి. పిక్సెల్ విలువలో చివరి బిట్ మార్చడం అని ఇంటర్నెట్‌లో ప్రతి ట్యుటోరియల్లోనూ ఉంటుంది, అదీ అంతే. వీడియో కుదింపు మొదట పారేసేది కంటికి ఆనని ఆ తేడాలనే. 1997లో ఇంగెమార్ కాక్స్, ఆయన సహచరులు రాసిన పేపరు చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు మాట. గుర్తుని ఎవరికీ పట్టని మూలలో దాచకండి, బొమ్మలో ముఖ్యమైన భాగాల్లోనే, పల్చగా, చాలా చోట్లకు పరిచి పెట్టండి. దాన్ని తీసేయాలంటే బొమ్మనే పాడుచేసుకోవాలి అని. ఆ తర్వాత వచ్చిన మంచి పద్ధతులన్నీ దాదాపు ఈ బాటలోనివే.

తెర మీద కనిపించే గుర్తు సంగతేంటంటే, పెట్టండి. దాన్ని బ్లర్ చేయొచ్చు, కత్తిరించొచ్చు, నిజమే. కానీ లీకయ్యే కాపీల్లో పెద్ద భాగం ఆలోచించకుండా ‘మా తమ్ముడికి పంపాను’ అనే రకం. తెర మీద తన నంబరు తిరుగుతుంటే ఆ చెయ్యి కాస్త వెనకాడుతుంది. ఒక్క జాగ్రత్త: చాలామంది కొన్నవారి ఫోన్ నంబరు, ఈమెయిల్ తెర మీద వేస్తారు, అది చేయకండి. ఆ కాపీ బయటికొస్తే మనిషి వివరాలు కూడా వీధిన పడతాయి, ఫోన్ దొంగతనానికి గురై లీకైతే అతను రెండు సార్లు నష్టపోతాడు. మీకు మాత్రమే అర్థమయ్యే చిన్న కోడ్ చాలు.

ఇక కనిపించని గుర్తు. మీలాంటి పాఠాలకు నేను చేసేది ‘రెండు మాస్టర్ల’ పద్ధతి. మాస్టర్ అంటే కాపీలన్నీ తీసే మూల వీడియో. పాఠాన్ని ముక్కలుగా ఊహించుకోండి. ప్రతి ముక్కకీ రెండు రూపాలు, ‘ఏ’, ‘బీ’. రెండూ వినడానికీ చూడడానికీ ఒకటే, లోపల చిన్న తేడా. ఒకరికి ‘ఏ బీ బీ ఏ’, ఇంకొకరికి ‘బీ బీ ఏ ఏ’, ఇలా ముక్కలు అతికి ఇస్తారు. ఆ వరసే ఆ కాపీ నంబరు. పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు చేసేదీ మూలంలో ఇదే. సర్వర్‌లో కొన్ని సెకన్ల ముక్కలు రెండేసి రూపాల్లో ఉంటాయి, ఒక్కో ప్రేక్షకుడికి ఒక్కో వరసలో అందుతాయి. 300 మందికి 300 సార్లు రెండర్ చేయక్కర్లేదు, అంతా ‘ఏ’ రూపంలో ఒకటి, అంతా ‘బీ’ రూపంలో ఒకటి, రెండే రెండు మాస్టర్లు చాలు.

తేడా ఏం పెట్టాలి? బొమ్మలో వెలుగు ఒక చిటికెడు పెంచడం, స్లైడు మీద ఒక వరసని రెండు పిక్సెల్స్ జరపడం, ఇలా చాలా ఉన్నాయి. పాఠాలకు నాకు బాగా కలిసొచ్చింది మాత్రం మౌనం. మాటకీ మాటకీ మధ్య మనం ఊపిరి తీసుకునే విరామాలు గంటన్నర పాఠంలో వందలకొద్దీ ఉంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు విరామాలు ఎంచుకోండి. ‘ఏ’ రూపంలో మొదటి విరామం నుంచి 3 ఫ్రేములు కోసేయండి. ‘బీ’ రూపంలో రెండో విరామం నుంచి 3 ఫ్రేములు కోసేయండి. సెకనుకు 25 ఫ్రేములైతే 3 ఫ్రేములంటే 120 మిల్లీ సెకన్లు. వినేవాడికి తెలియదు. రెండు విరామాల మధ్యనున్న వాక్యం ‘ఏ’లో 120 మిల్లీ సెకన్లు ముందుగా మొదలవుతుంది, రెండో విరామం దాటాక రెండు రూపాలూ మళ్లీ కలిసిపోతాయి. మొత్తం నిడివి మారదు. ఇది ముఖ్యం. నిడివి మారితే ఇద్దరు తమ ఫైళ్లు పక్కపక్కన పెట్టగానే ఏదో ఉందని పసిగడతారు.

లీకైన కాపీ దొరికినప్పుడు దాని ఆడియోని ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద మాస్టర్ ఆడియో కింద పరిచి, వేవ్‌ఫామ్‌లో, అంటే శబ్దాన్ని గీతలా చూపే బొమ్మలో, మాటల మొదళ్లు చూసుకుంటూ వెళ్లడమే. ఇక్కడ ఏ, ఇక్కడ బీ, ఇక్కడ బీ. చేత్తోనే చదవొచ్చు. ఫోన్‌తో తెరని తీసినా, రంగులు పోయినా, బొమ్మ సగం కత్తిరించినా మాటల మధ్య దూరం అలాగే ఉంటుంది. మొత్తం వీడియో వేగం కాస్త పెంచినా అన్ని దూరాలూ ఒకే నిష్పత్తిలో మారతాయి కాబట్టి లెక్క తప్పదు. దీన్ని చంపేది ఒకటుంది: మౌనాలన్నీ తనంతట తానే కోసిపారేసే ఎడిటింగ్ టూల్. ఎవడైనా అది వాడితే గుర్తు పోయినట్టే. అందుకే రెండో పొరగా బొమ్మలోనూ ఒక తేడా పెట్టుకోవాలి. ముఖం కనిపించే పాఠాల్లో ఇంకో ఇబ్బంది, 3 ఫ్రేములు కోస్తే తల చిన్నగా ఎగిరినట్టు అనిపిస్తుంది. స్లైడు మాత్రమే తెర మీదున్న చోటో, స్లైడు మారే చోటో ఎంచుకుంటే ఆ బాధ లేదు.

అతికే పనిలో నేను దెబ్బతిన్నవి రెండు. రెండు మాస్టర్లనీ రెండర్ చేసేటప్పుడు ముక్క మారే ప్రతి చోటా కీఫ్రేమ్ (ముందు ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తి బొమ్మ ఉండే ఫ్రేము) పడేలా పెట్టాలి. అప్పుడే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, నాణ్యత పోకుండా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి ఉచిత టూల్‌తో ముక్కలు అతకొచ్చు. కీఫ్రేమ్ లేని చోట అతికితే బొమ్మ ఒక క్షణం గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. రెండోది, అతుకు మౌనంలో పడాలి. మాట మధ్యలో పడితే చిన్న ‘టిక్’ వినిపిస్తుంది. శ్రద్ధగా వినే విద్యార్థి దాన్ని పట్టేస్తాడు, నాకు ఒకరు మెయిల్ కూడా రాశారు.

ఎన్ని ముక్కలు కావాలి? ఇక్కడే తొందరపడతారు. 300 మందికి 9 ముక్కలు చాలు కదా, రెండు రూపాలతో 512 వరసలొస్తాయి అంటారు. 1, 2, 3 అని వరసగా నంబర్లిచ్చి వాటిని ఏ, బీలుగా రాస్తారు. అలా చేస్తే 6వ కాపీకీ 7వ కాపీకీ తేడా ఒకే ఒక్క ముక్క. ఆ ఒక్క చోట శబ్దం సరిగా లేక తప్పు చదివితే పక్కవాడి మీద నేరం పడుతుంది. కాబట్టి నంబర్లు వరసగా ఇవ్వొద్దు. 40 ముక్కలు తీసుకోండి. వరసలు బొమ్మా బొరుసూ వేసినట్టు యాదృచ్ఛికంగా తయారుచేయండి. కొత్త వరస వచ్చిన ప్రతిసారీ, ఇప్పటికే ఇచ్చిన వాటన్నిటితోనూ కనీసం 10 చోట్ల తేడా ఉందా చూడండి. లేకపోతే పారేసి ఇంకొకటి వేయండి. 40 ముక్కల్లో 300 మందికి ఇది సులభంగానే దొరుకుతుంది, పదింట ఒకటి కూడా పారేయాల్సిన పని రాదు. ఇప్పుడు ఏ 9 ముక్కలు పోయినా మిగిలినవాటితో కాపీ తేలుతుంది. 4 చోట్ల తప్పు చదివినా తేలుతుంది.

ఒక్కడే దొంగ అయితే ఇంతటితో సరి. ఇద్దరు కలిస్తే?

వాళ్లు తమ రెండు కాపీలు పోల్చుకుంటారు. ఇద్దరికీ ఒకే రూపం ఉన్న చోట వాళ్లకేమీ కనపడదు. తేడా ఉన్న చోట మాత్రం ఏదో ఉందని తెలిసిపోతుంది. అక్కడ ఒకసారి ఇతని ముక్క, ఒకసారి అతని ముక్క కలిపి కొత్త వరస తయారుచేస్తారు. లెక్క చూడండి. 40 ముక్కల్లో సగటున 20 చోట్ల ఇద్దరిదీ ఒకటే. మిగతా 20లో చెరి సగం. అంటే లీకైన కాపీ ఒక్కొక్కరి వరసతో దాదాపు 30 చోట్ల సరిపోతుంది. ఏ సంబంధమూ లేనివాడితో సగటున 20 చోట్ల సరిపోతుంది. 30 ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ బయట ఇంకా 298 మంది ఉన్నారు. అందులో ఎవరో ఒకరు అదృష్టం బాగోలేక 30 దాకా చేరే అవకాశం పాతిక శాతం పైనే. నాలుగింట ఒకసారి అమాయకుడి పేరు పైకి వచ్చే పద్ధతితో నేనైతే ఎవరి తలుపూ తట్టను. అదే 200 ముక్కలైతే దొంగలకు 150 దగ్గర, మిగతావాళ్లకు 100 చుట్టుపక్కల వస్తాయి. అప్పుడు 150కి అమాయకుడు చేరడమనేది జరగదనే అనుకోవచ్చు.

గంటన్నరలో 200 ముక్కలంటే ఒక్కోటి 27 సెకన్లు. విరామాలకు కొదవ లేదు, ఓపికే కావాలి. పన్నెండు పాఠాలున్నాయి కాబట్టి ఒక్కో పాఠానికీ వేరే వరస ఇవ్వండి. ఒకే మనిషి నుంచి రెండు పాఠాలు లీకైతే రెండింటి లెక్కా కలిసొస్తుంది. ముక్క కోసి పెట్టేవాడి విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. మూడు నిమిషాల ముక్కలో మీకు దొరికేవి ఆరో ఏడో గుర్తులు. ఆరు గుర్తులతో 300 మందిని 64 గుంపులు చేయగలం, ఒక్కో గుంపులో నలుగురైదుగురు మిగులుతారు. అది అనుమానితుల జాబితా అవుతుంది గానీ సమాధానం కాదు.

దొంగలు ముగ్గురు, నలుగురు, పదిమంది కలిస్తే ఏమిటన్నది గణితంలో పెద్ద కథ. 1994లో బెన్నీ షోర్, అమోస్ ఫియట్, మోని నావోర్ దీనికి ‘ద్రోహుల జాడ’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. 1995లో డాన్ బోనే, జేమ్స్ షా ఇచ్చిన కోడ్‌లో గుర్తుల సంఖ్య దొంగల సంఖ్య నాలుగో ఘాతంతో పెరిగేది. 2003లో గాబోర్ టార్డోష్ దాన్ని వర్గానికి తగ్గించారు, అంతకంటే మెరుగ్గా పెరుగుదల తగ్గించలేమని కూడా చూపించారు. మన భాషలో చెప్పాలంటే, దొంగలు ఇద్దరి నుంచి నలుగురైతే గుర్తులు రెట్టింపు చాలవు, నాలుగు రెట్లు కావాలి. మీ 300 మందిలో పదిమంది కూడబలుక్కుని ఫైళ్లు పోల్చుకుంటున్నారంటే, మీ సమస్య వాటర్‌మార్క్‌తో తీరేది కాదు.

పోల్చడానికి దొంగకి ఇంకో దారి మనమే ఇస్తుంటాం. గుర్తు లేని మాస్టర్ ఎక్కడో ఒకచోట బయట ఉంటుంది. ఉచిత నమూనా పాఠమని వెబ్‌సైట్‌లో పెడతాం, లేదా మిత్రుడికి ‘చూసి చెప్పు’ అని పంపుతాం. 2000లో సంగీత కంపెనీల ఎస్‌డీఎంఐ కూటమి తమ వాటర్‌మార్క్‌లని పగలగొట్టమని బహిరంగంగా సవాలు చేసింది. గుర్తు లేని నమూనా, అదే పాట గుర్తు వేసిన నమూనా రెండూ ఇచ్చింది. ప్రిన్స్‌టన్‌లో ఎడ్వర్డ్ ఫెల్టెన్ బృందం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో పట్టుకుని, కొద్ది వారాల్లోనే చాలావాటిని దాటేసింది. మీ మాస్టర్ ఎవరికీ ఇవ్వకండి. నమూనా పాఠానికి కూడా ఒక వరస ఇచ్చి, రిజిస్టర్‌లో ‘నమూనా’ అని రాయండి.

సరే, లీకైంది, చదివారు, 200లో 198 చోట్ల ఒక వరసతో సరిపోయింది. ఇప్పుడేం చేయాలి? ముందు ఆ మనిషితో మాట్లాడండి, గ్రూపులో పేరు పెట్టకండి. 2004లో ఆస్కార్ అకాడమీ తన సభ్యుడైన ఒక నటుణ్ణి బహిష్కరించింది. ఓటు వేయడానికి పంపిన టేపులు ఇంటర్నెట్‌లోకి చేరాయి, గుర్తు చూస్తే ఆయన కాపీ. కానీ ఆయన వాటిని ఇంటర్నెట్‌లో పెట్టలేదు. దూరాన ఉన్న పరిచయస్తుడికి చూడమని పంపేవాడు, కాపీలు తీసింది ఆ మనిషి. నియమం ప్రకారం తప్పు ఆయనదే, టేపు చేయి దాటించకూడదు. అయినా ‘కాపీ నీది’ అనడానికీ ‘లీక్ చేసింది నువ్వు’ అనడానికీ మధ్య ఎంత దూరముందో చూడండి. మీ విద్యార్థి ఫోన్ రిపేరుకి ఇచ్చి ఉండొచ్చు, పాస్‌వర్డ్ అన్నకిచ్చి ఉండొచ్చు.

మరో ప్రశ్న ఎదురవుతుంది, అవతలివాడు తెలివైనవాడైతే తప్పకుండా అడుగుతాడు: "నా వరస మీకు కూడా తెలుసు కదా, ఆ కాపీ మీరే తయారుచేసి బయటపెట్టలేదని ఏమిటి?" నిజమే. అమ్మేవాడి దగ్గర కూడా అదే కాపీ తయారుచేసే శక్తి ఉంటుంది. 1996లోనే బిర్గిట్ ఫిట్స్‌మాన్, మథియాస్ షుంటర్ దీనికి, కొన్నవాడి కాపీ అమ్మినవాడికి కూడా తెలియకుండా తయారయ్యే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. మీ స్థాయికి అంత అక్కర్లేదు. వరసల పట్టికని కాపీలు పంపక ముందే మూసేసి, దాని హ్యాష్‌ని తేదీతో సహా మీ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషికి మెయిల్ చేసి పెట్టండి. పట్టిక తర్వాత దిద్దలేదని చూపించడానికి అది పనికొస్తుంది. మీరే లీక్ చేయలేదని మాత్రం అది నిరూపించదు. అమ్మేటప్పుడే ‘ఈ కాపీలో మీకు కేటాయించిన గుర్తు ఉంది’ అని రాసి ఇవ్వండి. పద్ధతి చెప్పక్కర్లేదు, గుర్తుందని చెబితే చాలు. చెప్పకుండా పెట్టి తర్వాత నిలదీస్తే మంచి విద్యార్థులకు కూడా మనసు నొచ్చుకుంటుంది.

డిస్కుల మీద ఇవ్వాలనుకుంటే ఒక మాట. సీడీ అద్దంలాంటి వైపు, మధ్య రంధ్రం దగ్గర ‘ఐఎఫ్‌పీఐ’ అని చిన్న అక్షరాల్లో కనిపించే కోడ్ ఏ ఫ్యాక్టరీలో ముద్రించారో చెబుతుంది, విడి కాపీని చెప్పదు. డీవీడీలో అదే చోట బార్‌కోడ్‌లా లేజర్‌తో గీసే బర్స్ట్ కటింగ్ ఏరియా ఉంటుంది, అందులో ఒక్కో డిస్కుకీ వేరే నంబరు వేయొచ్చు, 188 బైట్ల దాకా పడుతుంది. కానీ అది డిస్కుకి వేసిన గుర్తు, సినిమాకి కాదు. వీడియోని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్న క్షణమే ఆ గుర్తు వెనకే ఉండిపోతుంది.

సాఫ్ట్‌వేర్ కొనమంటారా అంటే, ఇప్పుడే వద్దంటాను. నెక్స్‌గార్డ్, ఇర్డెటో, వెరిమ్యాట్రిక్స్ లాంటివి మంచివే, కానీ అవి స్టూడియోల కోసం, ప్రత్యక్ష ప్రసారాల కోసం కట్టినవి. 300 మందికి పైన చెప్పిన రెండు మాస్టర్లు, ముక్కలు అతికే ఒక చిన్న స్క్రిప్టు (ప్రోగ్రామ్), ఒక రిజిస్టర్ సరిపోతాయి. ముందు ఒక్క పాఠంతో ప్రయత్నించండి. ఐదు కాపీలు చేసి ఇంట్లోవాళ్లకో మిత్రులకో ఇచ్చి, ‘మీకిష్టమొచ్చినట్టు పాడుచేసి, ఏ కాపీయో చెప్పకుండా నాకు పంపండి’ అనండి. ఒకరు ఫోన్‌తో తీస్తారు, ఒకరు సైజు కుదిస్తారు, ఒకరు ముక్క కోస్తారు. ఐదూ సరిగా చదవగలిగితే మిగతా పదకొండు పాఠాలు మొదలుపెట్టండి. చదవలేని కాపీ ఏదో అది ఎక్కడ పోయిందో చూసుకుని, అక్కడ 3 ఫ్రేములు 4 చేయండి.

ఇప్పటికే బయట తిరుగుతున్న పాఠం విషయంలో మాత్రం చేయగలిగింది తక్కువ. అందరికీ ఒకే ఫైలు ఇచ్చారు కాబట్టి అందులో చదవడానికి ఏమీ లేదు. ఒక్కటి చూడండి: మధ్యలో ఎప్పుడైనా తప్పు దిద్ది, ఆ పాఠాన్ని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి మార్చారా? చేసి ఉంటే, బయట తిరుగుతున్నది పాతదో కొత్తదో పోల్చండి. కొత్తదైతే మార్చక ముందు ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ రానివాళ్లంతా జాబితాలోంచి తప్పుకుంటారు. పాతదైతే ఆ తేదీ తర్వాత చేరినవాళ్లు తప్పుకుంటారు.